ఉదయగిరి... నడిచి చూడాల్సిన ఊరు

పిల్లలు యూరప్‌లో ఉద్యోగాలు చేస్తుంటే వెళ్లి నాలుగు వారాలు ఉండి వచ్చిన అమ్మానాన్నలు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వాళ్ల కబుర్లలో చలి ఉంటుంది, రొట్టె ఉంటుంది, వాటితోపాటు ఒక ఫిర్యాదూ ఉంటుంది. ‘అక్కడ ఏది చూడాలన్నా నడవాల్సిందేనండీ... పాత ఊళ్లోకి కారు పోదు!’ నిజమే. ప్రాగ్‌లోనో లిస్బన్‌లోనో పాతపేట మొదలయ్యేచోట బండి దిగాల్సిందే. అక్కణ్నుంచి రాళ్లు పరిచిన సందులు, మెట్లు, మలుపులు. గొప్ప కట్టడం కనిపించిన చోటల్లా ఓ పలక. ఎవరు కట్టారు, ఎప్పుడు కూలింది, మళ్లీ ఎప్పుడు లేచింది... అన్నీ అందులో రాసి ఉంటాయి. సాయంత్రానికి కాళ్లు పీకేస్తాయి. అయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ బయల్దేరతారు.

అలాంటి నడక నెల్లూరు జిల్లాలోనూ ఉంది. పలకలే లేవు.

నెల్లూరుకు వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణిస్తే వెలికొండల అంచున ఉదయగిరి వస్తుంది. ఊరికి గోడలా నిలబడిన కొండ. సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. ఆ కొండ మీదా, కొండ కిందా కలిపి ఒక రాజధాని ఉండేది. ఊరి పెద్దలు ఇప్పటికీ దాన్ని కోట అనరు, ‘దుర్గం’ అంటారు.

వయసులో యూరప్‌ ఊళ్లకు ఇది తీసిపోయేదేమీ కాదు. ప్రాగ్‌కు వెళ్లినవాళ్లంతా ఫొటో దిగే చార్లెస్‌ వంతెనకు 1357లో శంకుస్థాపన జరిగింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1356లో, ఉదయగిరి ప్రాంతాన్ని ఏలుతున్న రెండో సంగముడు బిట్రగుంట గ్రామాన్ని దానమిస్తూ శాసనం వేయించాడు. లిస్బన్‌లో టాగస్‌ నది ఒడ్డున నిలబడిన బెలెం బురుజు పనులు 1514లో మొదలయ్యాయి. ఆ ఏడాది జూన్‌లోనే శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచాడు. బెలెం బురుజు 1983లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ప్రాగ్‌ పాత నగరం 1992లో ఎక్కింది. ఉదయగిరి గోడల మీదికి మాత్రం రావి మొక్కలు ఎక్కాయి.

సోమశిల మీదుగా...

నెల్లూరు నుంచి వచ్చేవాళ్లకు ఆత్మకూరు దాటాక దారులు చీలతాయి. నైరుతి వైపు పోయేది అనంతసాగరం మీదుగా సోమశిలకు. వాయవ్యానికి పోయేది ఉదయగిరికి. పొద్దున్నే ఇల్లు కదిలితే ముందు సోమశిల చూసి వెళ్లడం మంచిది. ఈ ప్రాంతంలో కోటలు ఎందుకు కట్టారో ఆ నది ఒడ్డున నిలబడితే అర్థమవుతుంది.

రాయలసీమలో పుట్టిన నీళ్లన్నీ కలుపుకొంటూ వచ్చే పెన్న, తూర్పు తీరపు మైదానంలోకి దిగే ముందు వెలికొండల్ని చీల్చుకోవాలి. ఆ చీల్చుకున్న చోటే సోమశిల. రెండు పక్కలా కొండలు, నడుమ నది. ఆనకట్ట కట్టే ఇంజినీర్లకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. కట్టారు కూడా. 78 టీఎంసీల జలాశయం. అప్పట్లో రాజులకూ ఇదే అవసరం. సీమ నుంచి కోస్తాకు దిగే సైన్యమైనా, ఎడ్లబళ్ల బిడారైనా వెలికొండల్లోని ఇలాంటి కనుమల గుండానే రావాలి. ఈ కొండల వరసను కాచుకున్నవాడికి అటు కడప, ఇటు నెల్లూరు రెండూ చేతిలో ఉంటాయి. ఉదయగిరి కోసం నాలుగు వందల ఏళ్లపాటు యుద్ధాలు ఎందుకు జరిగాయన్న ప్రశ్నకు సగం జవాబు అదే.

సోమశిలలో పెన్న ఒడ్డున సోమేశ్వరాలయం ఉంది. 2021 నవంబరులో వచ్చిన వరదకు ఆనకట్ట దిగువ భాగంతోపాటు ఆ గుడి కూడా బాగా దెబ్బతింది. పాత కట్టడమంటే రాజులు కొట్టుకుంటేనే కూలుతుందని లేదు. ఒక్క రాత్రి వరద చాలు. జలాశయం నిండినప్పుడు ఎగువన కడప జిల్లాలో మునిగిన పల్లెల సంగతి వేరే చెప్పక్కర్లేదు. గుళ్లనైనా కొన్నిచోట్ల పైకి తరలించుకోవచ్చు. వీధుల్ని ఎవరు తరలిస్తారు!

ఇక్కడి నీళ్లు కండలేరుకు పోతాయి. అక్కణ్నుంచి తెలుగుగంగ కాలువలో చెన్నైకి. ఈ మాట గుర్తుంచుకోండి. చెన్నైకి వెళ్లింది నీళ్లొక్కటే కాదు.

కొండ కింద ఊరు

ఉదయగిరి బస్టాండులో దిగగానే నేరుగా కొండెక్కేయాలనిపిస్తుంది. ఆగాలి. పాత గెజిటీర్లు దుర్గంలో మొత్తం 13 కట్టడాలను లెక్కపెట్టాయి. ఎనిమిది కొండ మీద, ఐదు కింద. అంటే కింది ఊరు కూడా కోటలో భాగమే. ఊళ్లోనే ఒక పూట నడవొచ్చు.

ముందుగా రంగనాయకుల గుడి. పూజలందుకునే గుడి చూడ్డం వేరు, పాడుబడ్డ గుడి చూడ్డం వేరు. మొదటిదాంట్లో దేవుడి మీంచి చూపు కదలదు. రెండోదాంట్లో గుడే కనిపిస్తుంది. గాలిగోపురం దగ్గర నిలబడి కింది నుంచి పైకి చూడండి. కింది భాగమంతా రాయి. పై అంతస్తులు ఇటుక, సున్నం. విజయనగర కాలపు గోపురాలన్నీ దాదాపు ఇంతే. రాతి బరువు అంత ఎత్తున మోయలేరు కాబట్టి పైన తేలికైన ఇటుక వాడి, దానిమీద గానుగలో ఆడించిన సున్నంతో బొమ్మలు తీర్చేవారు. కింద రాతి పని చేసినవాళ్లు ఉలి పట్టినవాళ్లు. పైన పని చేసినవాళ్లు తాపీ పట్టినవాళ్లు. రెండు వృత్తులు కలిసిన గీత ఎక్కడుందో కంటితో పట్టుకోవచ్చు.

ఆ గీత దగ్గరే గోపురాలకు గండం. కాకులో పావురాలో రావి, మర్రి పళ్లు తిని వచ్చి గోపురం మీద వాలతాయి. రెట్టలో పడ్డ గింజ ఇటుకల సందులోని సున్నంలో మొలకెత్తుతుంది. మొదటి ఏడాది అది రెండు ఆకుల మొక్క. చేత్తో లాగితే వచ్చేస్తుంది. మూడో ఏటికి వేరు ఇటుకల మధ్యకు దిగుతుంది. పదేళ్లకు ఆ వేరు చెయ్యంత లావై ఇటుకల్ని విడదీస్తుంది. ఇక అప్పుడు చెట్టు పీకితే గోడ పడుతుంది, పీకకపోయినా పడుతుంది. రాష్ట్రంలో కూలిన గోపురాల్లో ఎన్నో పీరంగి దెబ్బకు కాదు, రెండాకుల మొక్కను పీకేవాళ్లు లేక కూలాయి. ఏడాదికి ఒక్కసారి, వానలు వెలిసిన వారం రోజులకు నిచ్చెన వేసి ఇద్దరు మనుషులు ఎక్కితే సరిపోయే పని అది.

మండపాల్లో స్తంభాలు చూసేటప్పుడు తొందరపడకూడదు. ప్రతి స్తంభానికీ మూడు చదరాలు, నడుమ ఎనిమిది పలకల కట్టు. ఒక్కో చదరానికి నాలుగు ముఖాలు. అంటే ఒక్క స్తంభానికి పన్నెండు బొమ్మలు చెక్కే చోటుంటుంది. విజయనగర శిల్పి ఆ చోటును వృథా పోనివ్వడు. పురాణంలోని దేవుడికి పక్కనే హంస, దాని పక్కనే తీగ, ఆ కింద ఎవరో జెట్టి. పిల్లల్ని తీసుకెళ్తే ఎవరు ఎన్ని జంతువుల్ని కనిపెడతారో పందెం వేయండి. పెద్దవాళ్ల కంటే వాళ్లే ఎక్కువ చూస్తారు.

అదే ఊళ్లో నాలుగడుగులు వేస్తే మసీదులు, సమాధులు. వీటి నిర్మాణంలో లెక్క వేరు. గుడిలో స్తంభం మీద దూలం, దూలం మీద బండ. ఎంత దూరం కప్పాలన్నా రాతి బండ పొడవే హద్దు. అందుకే గుళ్లలో అన్ని స్తంభాలు. మసీదులో కమాను వచ్చింది. చిన్న చిన్న రాళ్లు, ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ వంపు తిరిగి బరువును పక్కలకు తోసేస్తాయి. నడుమ స్తంభం అక్కర్లేదు. అదే కమాను నాలుగు వైపులా తిరిగితే గుమ్మటం. ఇంజినీరింగ్‌ కాలేజీలో ఒక సెమిస్టర్‌ పాఠం ఉదయగిరిలో అరగంట నడకలో దొరుకుతుంది. అటు దూలం, ఇటు కమాను... రెండూ ఒకే ఊళ్లో, రెండింటికీ అదే సున్నం.

కొండెక్కితే...

దుర్గం ఎక్కడం పిక్నిక్‌ కాదు. సగం చోట్ల మెట్లు చెదిరిపోయాయి, మిగతా చోట్ల ముళ్లకంప మూసేసింది. కొన్ని వైపుల కొండ నిలువుగా వెయ్యి అడుగుల దాకా తెగిపోయి ఉంటుంది. కోట కట్టినవాళ్లకు ఆ కొండచరియే ఉచితంగా వచ్చిన గోడ. మనిషి ఎక్కగలిగిన చోట మాత్రమే గోడ కట్టారు. ఎక్కే ప్రతి దారికీ పైనుంచి ఒక బురుజు కాపలా. ఏదైనా గిరిదుర్గంలో నడిచేటప్పుడు ఒక పని చేయండి. ద్వారం కనిపించగానే ముందుకు కాదు, వెనక్కి తిరిగి పైకి చూడండి. శత్రువు నిలబడిన చోట మీరు నిలబడ్డారు. మీ నెత్తి మీదికి రాయి దొర్లించడానికి ఎక్కడ కూర్చునేవాళ్లో ఇట్టే తెలిసిపోతుంది.

రాళ్ల మీద వరసగా చిన్న చిన్న గుంతలు కనిపిస్తే అవి ఆటకు తవ్వినవి కావు. బండను పగలగొట్టడానికి ఉలితో గుంతలు తొలిచి, ఎండిన చెక్క చీలలు దిగ్గొట్టి నీళ్లు పోసేవారు. చెక్క ఉబ్బి బండ గీత గీసినట్టు చీలేది. సగం చీలి వదిలేసిన బండ కనిపించిందంటే, ఆ రోజు పని ఆగిపోయిన క్షణం అలాగే మిగిలిపోయిందన్నమాట.

కొండ మీద బతకడానికి గోడ కంటే ముఖ్యం నీళ్లు. పైన కోనేర్లు, దొనలు ఉన్నాయి. ఉదయగిరి ఏలినవాళ్లకు నీటి విలువ ఎంత తెలుసో చెప్పే సాక్ష్యం మాత్రం కొండకు అవతలి వైపు, కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని మరో పేరు) ఈ దుర్గం మీద ఉండి తూర్పు రాజ్యాన్ని పాలించాడు. ఆయన తవ్వించిన పోరుమామిళ్ల చెరువు కట్ట మీద 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టడానికి రెండేళ్లు పట్టిందని, రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు పనిచేశాయని అందులో రాయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించాడు. ఇప్పటి ప్రాజెక్టు నివేదిక లాంటిదే... కాకపోతే రాతి మీద ఉంది కాబట్టి మార్చి రాయడం కుదరదు!

ఈ కోటను లాంగూల గజపతి కట్టించాడని ఊళ్లో కథ. కథ కథగా బాగుంది. కానీ ఒరిస్సా గజపతులు ఈ కొండను గెలుచుకుంది 15వ శతాబ్దంలో. అంతకు వందేళ్ల ముందే విజయనగర స్థాపకుడు హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఇక్కడి నుంచి పాలించాడు. ఆయన మంత్రి ఎవరో తెలుసా? వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యుడు. కంపరాయలు పోయాక ఆయన కొడుకు సంగముడికి చదువు చెప్పి, రాజ్యం చూసుకున్నదీ సాయణుడే. బిట్రగుంట శాసనంలోని శ్లోకాలు రాసింది సాయణుడి తమ్ముడు భోగనాథుడు. తర్వాత గజపతుల కాలంలోనూ ఇక్కడ కవిత్వం ఆగలేదు. నంది మల్లయ, ఘంట సింగయ జంటగా రాసిన ప్రబోధచంద్రోదయాన్ని అందుకున్న గంగయ మంత్రి, ఉదయగిరి పాలకుడు బసవరాజు దగ్గరివాడే. ఇంత చరిత్ర నడిచిన చోట ‘ఇక్కడ ఫలానావారు ఉండేవారు’ అని ఒక్క ముక్క రాసి పెట్టలేదు. ప్రాగ్‌లో ఒక రచయిత అద్దెకున్న ఇంటికి కూడా ఇత్తడి పలక ఉంటుంది.

ఏడాదిన్నర ముట్టడి

విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు 1491లో చనిపోయేటప్పుడు ఒక బాధతో పోయాడట. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు... ఈ మూడు దుర్గాలు పరాయి చేతిలో మిగిలిపోయాయని. ఈ మాట రాసినవాడు ఫెర్నావో నూనిజ్‌ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. 1530లలో విజయనగరంలో ఉండి అక్కడ విన్నవీ కన్నవీ రాసి పెట్టాడు. ఆ రాతప్రతి పారిస్‌లో ఉండగా రాబర్ట్‌ సూయెల్‌ అనే ఆంగ్లేయ అధికారి ఇంగ్లిషులోకి తెప్పించి 1900లో అచ్చు వేయించాడు. చివరకు ఉదయగిరి కథ ఉదయగిరికి చేరింది పారిస్‌, లండన్‌ తిరిగొచ్చాకే.

నూనిజ్‌ లెక్క ప్రకారం రాయలు 34 వేల కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడు. కోటలో ఉన్నది పదివేల మంది సైనికులు, 400 గుర్రాలు. మామూలు చోటైతే వారం రోజుల పని. ఇక్కడ ఏడాదిన్నర పట్టింది. పైకి పోవడానికి ఉన్నది ఒకే ఒక్క సన్నని దారి, ఒకరి వెనక ఒకరు తప్ప నడవడానికి లేదు. అలాంటి దారిలో 34 వేలమంది ఉన్నా ఒకటే, ముప్ఫై నలుగురు ఉన్నా ఒకటే. ముందున్న ఒక్కడే కదా పోరాడేది! అందుకని రాయలు కొండనే మార్చాడు. పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడు, బురుజుల దాకా. అంటే ఈ కొండ మీద రెండు రకాల రాతి పని ఉంది. కోట కట్టడానికి పగలగొట్టిన రాయి ఒకటి, కోట పట్టడానికి పగలగొట్టిన రాయి మరొకటి. కాళ్ల కింద ఉన్నది ఏదో తేల్చాలంటే పురావస్తు శాస్త్రవేత్తలు నెలల తరబడి ఇక్కడ మకాం వేయాలి.

1514 జూన్‌ 9న దుర్గం లొంగింది. లోపల ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయుడు బందీ అయ్యాడు. నూనిజ్‌ మాత్రం గజపతి అత్తగారి వరస స్త్రీ ఒకరు చిక్కారని, ఆమెను రాయలు ఎంతో మర్యాదగా చూశాడని రాశాడు. రాయసం కొండమరుసయ్యకు ఉదయగిరి అప్పగించి రాయలు తిరుగు ప్రయాణమయ్యాడు. దారిలో జూలై 6న దేవేరులతో తిరుమల ఎక్కి శ్రీవారికి 30 వేల వరహాలతో కనకాభిషేకం చేయించాడు.

ఉదయగిరి నుంచి ఆయన తీసుకెళ్లిన వాటిలో అన్నిటికంటే విలువైనది బంగారం కాదు, బాలకృష్ణుడి విగ్రహం. దానికోసం విజయనగరంలో గొప్ప కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. శాసనం ఇప్పటికీ ఆ గుడి ముందుంది. బాలకృష్ణుడి బొమ్మతో బంగారు నాణేలు కూడా వేయించాడు. హంపీ వెళ్లినప్పుడు ఆ గుడి తూర్పు గోపురం మీద సున్నపు బొమ్మల్ని చూడండి. గుర్రాలు, ఏనుగులు, డాలు పట్టిన సైనికులు. అది ఉదయగిరి యుద్ధమేనని పండితుల అంచనా.

1565లో విజయనగరం పాడుబడింది. కృష్ణాలయంలో దీపం ఆరిపోయింది. దెబ్బతిన్న ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. సోమశిల నీళ్లు చెన్నైకి... ఉదయగిరి దేవుడూ చెన్నైకే! నీళ్ల విషయంలో ఒప్పందం ఉంది, లెక్క ఉంది. దేవుణ్ని తిరిగి ఇమ్మని అడగడం అంత తేలిక కాదు. అడిగితే హంపీ కూడా అడుగుతుంది. రెండూ తనవే అంటాయి, రెండు మాటలూ నిజమే. కానీ ఐదు వందల ఏళ్లుగా బాలకృష్ణుడు లేని ఊళ్లో, ఆయన ఫొటో అయినా ఒకటి పెద్దది చేసి ‘ఇక్కడ ఉండేవాడు’ అని పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉదయగిరి బడిపిల్లల్లో ఆ విగ్రహాన్ని చూసినవాళ్లు ఎందరుంటారు?

విజయనగరం తర్వాత 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీలు వచ్చారు. కొండ కొనకొమ్మున మసీదు ఉంది. అందులో రెండు పారసీ శాసనాలు. ఆ మసీదు కట్టించింది, అక్కడ తోట వేయించింది షేక్‌ హుస్సేన్‌ అని చెబుతాయవి. మూడు వేల అడుగుల ఎత్తున తోట! కోట గెలిచిన ప్రతివాడూ గోడలే పెంచాడనుకుంటాం. ఒకాయన చెట్లు కూడా పెంచాడు. ఆ తర్వాత ఆర్కాటు నవాబుల కాలంలో ఇది జాగీరైంది. ఆఖరి జాగీర్దారు అబ్బాస్‌ అలీఖాన్‌ను కంపెనీవాళ్లు 1839లో కుట్ర నేరం మోపి చెంగల్పట్టుకు పంపేశారు. ఆ ఏడాదే కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్‌కూ అదే గతి పట్టింది. దుర్గంలో ఏలేవాళ్లు లేకుండా పోయింది అప్పట్నుంచే. కూలడం మొదలైందీ అప్పట్నుంచే.

రాజులు పోయాక గుప్తనిధుల వేటగాళ్లు వచ్చారు. ఈ జాతి మన పాత గుళ్లన్నిటికీ పట్టిన చీడ. గర్భగుడిలో పీఠం కింద తవ్వడం, నంది కడుపులో వజ్రాలున్నాయని పగలగొట్టడం... నిజానికి ముట్టడిలో ఏడాదిన్నర పస్తులున్న కోటలో నిధి మిగులుతుందా? ఒకవేళ మిగిలినా గెలిచినవాడు వదిలేసి పోతాడా? ఇంత చిన్న ఆలోచన లేని గునపాలు గజపతుల ఏనుగులు చేయని నష్టం చేస్తున్నాయి.

చేయాల్సిన పనులు కోట్ల రూపాయలవి కూడా కావు. ఏటా ఒకసారి గోపురాల మీది మొక్కలు పీకాలి. కొండదారిలో చెదిరిన మెట్లు సర్దాలి. కొత్త సిమెంటు పూయకుండా పాత సున్నంతోనే. సిమెంటు కింద రాయి ఊపిరాడక ఉప్పు కక్కుతుంది. ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు పదిమందికి శిక్షణ ఇచ్చి కొండ చూపించే పని అప్పగించాలి. నెల్లూరు జిల్లా శాసనాలన్నిటినీ బటర్‌వర్త్‌, వేణుగోపాలచెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేసి పెట్టారు. వాళ్లు సేకరించిన వివరాలను తెలుగు పలకల మీద రాయించడమే మిగిలింది.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. నెల్లూరు, కావలి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. రైలు లేదు. కింది ఊరు చూడ్డానికి ఒక పూట, కొండకు పూర్తిగా ఒక రోజు. తెల్లారకముందే ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికి దిగడం మొదలుపెట్టాలి. పైన టీ కొట్టు కూడా ఉండదు. తలా మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. ఒంటరిగా వెళ్లొద్దు. అడవి కాబట్టి ముందు అటవీశాఖ వాళ్లకు ఒక మాట చెప్పి, దారి తెలిసిన ఊరివాళ్లను వెంట తీసుకెళ్లండి. పసిపిల్లలూ మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ కింది గుళ్లు, మసీదులు చూసుకుని, తిరుగుదారిలో అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లొచ్చు.

కొండ దిగాక బస్సుకు ఇంకా టైముంటే ఊళ్లో చెక్క గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లండి. ఈ కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది లాంటి చెక్కలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. పిడి మీద సన్నని చెక్కుడు పని. ఎక్కువగా ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్న విద్య ఇది, ఇప్పుడు ఆడవాళ్లే ముందుండి నడిపిస్తున్నారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ తీగల డిజైను ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే పొద్దున చూసిన స్తంభాల్ని, మసీదు కమాన్లని ఒకసారి గుర్తుచేసుకోండి. రకాన్ని బట్టి, పనితనాన్ని బట్టి ధర. బేరమాడేముందు ఒక్క చెంచా మీద ఎంతసేపు కూర్చోవాలో అడిగి చూడండి.